ఐదు వందలకు పన్నెండు తక్కువ

ఆ రోజు పొద్దున వెంకటేశం వేసుకున్న పథకం చాలా చిన్నది. చాయ్ తాగాలి, చేనుకు పోవాలి, పల్లి చేనుకు నీళ్ళు కట్టాలి, ఎండ ముదిరేలోగా ఇంటికొచ్చి జొన్నరొట్టె తినాలి. అయితే చాయ్ గ్లాసు చేతికొచ్చాక ఆయన ఎప్పుడూ చేసే పని ఒకటుంది. అరుగు మీద కూర్చుని, గ్లాసులోంచి లేచే ఆవిరి వెంట ఎక్కడికో వెళ్ళిపోతాడు. ఆవిరి ఆగిపోయినా ఆయన మాత్రం వెనక్కి రాడు.

"ఇగో, చాయ్ మీద మీగడ గట్టింది. తాగుతవా, ఇంక జూసుకుంటనే ఉంటవా?" అంది భార్య రామేశ్వరమ్మ.

"తాగుత" అన్నాడు వెంకటేశం, తాగకుండా.

గద్వాల నుంచి అమరచింత వైపు పోయే తోవలో, కాలువ దాటి లోపలికి పోతే వచ్చే పల్లె పావురాలదిన్నె. పేరుకు పల్లే కాని పంచాయతీ లేదు. రేషన్ బియ్యానికైనా, పింఛనుకైనా పెద్దూరికి నడిచి పోవాల్సిందే. ఊళ్ళో ప్రతి వీధికీ నాలుగైదు ఇళ్ళకు తాళాలు వేలాడుతుంటాయి. ఆ ఇళ్ళవాళ్ళు కొందరు హైదరాబాదులో ఎవరివో గోడలు కడుతున్నారు, కొందరు పుణె వైపు ఎవరివో రోడ్లు వేస్తున్నారు. వెంకటేశం దంపతులకు పిల్లలు లేరు. ఊళ్ళో పిల్లలే ఆయన వెంట తిరిగేవారు. చేను నుంచి వస్తూ కనబడ్డ ప్రతి జేబులో గుప్పెడు పల్లికాయ పోయనిదే ఆయన కదిలేవాడు కాదు. ఇప్పుడు ఆ జేబులన్నీ పెద్దవై పట్నం పోయాయి. వెంకటేశం తాళాల ముందు నుంచి నడుస్తూ, లోపల పొయ్యి వెలుగుతున్నట్టూ, ఎవరో ఎవరినో బువ్వకు పిలుస్తున్నట్టూ ఊహించుకుని సంతోషపడేవాడు. ఊళ్ళోవాళ్ళు ఆయన్ను కలల వెంకటేశం అని పిలిచేది అందుకే.

సరిగ్గా అప్పుడే ఆయన బటన్ల ఫోను మోగింది. పెద్దూరి పంచాయతీ కార్యదర్శి వీణ. వెంకటేశం ఈ పల్లెకు వార్డు మెంబరు కాబట్టి ఇక్కడి సంగతులన్నీ ఆయనకే చెబుతుంది.

"వెంకటేశమన్నా, రేపు పొద్దున మీ పల్లెకొస్తున్న. ఇంటింటి జనాభా రాసుకోవాలె."

"రా మేడమ్. మల్ల ఎందుకు?"

"మీకు వేరే పంచాయతీ గావాలని అడుగుతనే ఉన్నరు గద. ఐదు వందల మంది ఉంటే పైకి రాసి పంపుదమంటున్నరు మా సార్లు. పోయినసారి పన్నెండు మంది తక్కువ వడ్డరు."

"పన్నెండు మందేనా!"

"మందేనా అంటే నేనేం జెప్పాలన్నా? మనుషులాయె, సంతల దొరికేటియి గాదు" అని వీణ ఫోను పెట్టేసింది.

వెంకటేశం కళ్ళ ముందు, కాలువ అవతలున్న దిన్నె మీద ఒక తెల్లటి భవనం లేచింది. దాని మీద జెండా ఎగిరింది. పక్కింటి జములమ్మవ్వ పింఛను తీసుకుని నాలుగడుగుల్లో ఇంటికి చేరింది. భవనం ముందు బస్సు ఆగింది, అందులోంచి మూటలతో, పిల్లలతో జనం దిగుతూనే ఉన్నారు. పన్నెండు మంది! అంతమందిని ఒక పెద్ద ఆటోలో తేవచ్చు.

"నువ్వు మీ తమ్మునికి ఫోన్ జెయ్" అన్నాడు భార్యతో. "రేపు పొద్దున్నే ఇంటిల్లిపాదిని తోల్కొని రమ్మను. వియ్యపోళ్ళను గూడ."

రామేశ్వరమ్మకు సంగతంతా చెప్పేసరికి ఆమె చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "లెక్కకు తక్కువ వడ్డరు రాండ్రి అని పిలుస్తరా ఎవలన్న? ఇజ్జత్ ఉంటదా?"

"కారణం జెప్పకు. ఫోన్ల అసలే జెప్పకు, ఆ మేడమ్ చెవుల వడితే పనంత చెడ్తది. ఊకెనే రమ్మను. తప్పకుంట రావాలె, అందరు రావాలె, గంతే" అని వెంకటేశం మళ్ళీ అరుగు మీదికి పోయి, తల పైకెత్తి, పంచాయతీ భవనానికి సున్నం వేయించే పనిలో పడ్డాడు.

రామేశ్వరమ్మకు అబద్ధం చెప్పడం రాదు. తెలకపల్లి దగ్గర ఉండే తమ్ముడు తిరుపతయ్య ఫోను ఎత్తగానే ఒక్కో మాటా కూడదీసుకుంటూ చెప్పింది.

"తమ్మీ... రేపు పొద్దున్నే అందరు రాండ్రి."

"ఏమైందక్కా?"

"ఏం గాలె. ఊకెనే."

"ఊకెనే అందరు రావుడేందక్కా? బావ మంచిగున్నడా?"

రామేశ్వరమ్మ అరుగు వైపు చూసింది. వెంకటేశం రెప్ప వేయకుండా ఆకాశంలోకి చూస్తున్నాడు. "ఏం జెప్పాలె తమ్మీ! గంట సంది పైకి జూసుకుంట గట్లనే ఉన్నడు. పిలిస్తే పలుకుతలేడు" అంది. అంత నిజం చెప్పాక ఆమెకు కాస్త ఊపిరాడింది. "వచ్చినంక అన్ని జెప్త. అమ్మకు మాత్రం ఇప్పుడే జెప్పకు" అని పెట్టేసింది. వాళ్ళమ్మ సావిత్రమ్మ నోట్లో నువ్వుగింజ నానదు, అందుకని.

తిరుపతయ్య మంచం పట్టె మీద కూలబడ్డాడు. కాసేపటికి తేరుకుని నాగర్‌కర్నూల్‌లో ఉన్న చిన్నాన్నకు ఫోను చేసి, బావ పలుకుతలేడని చెప్పాడు. చిన్నాన్న వనపర్తిలో ఉన్న వాళ్ళ అల్లుడికి, వెంకటేశం సీరియస్ అని చెప్పాడు. అల్లుడు హైదరాబాదులో పనిచేసే పావురాలదిన్నె కుర్రాడు ప్రేమ్ కుమార్‌కు, వెంకటేశం కాక పోయిండట అని చెప్పాడు. ప్రేమ్ కుమార్ ఏడుస్తూనే పట్నంలో ఉన్న ఊరివాళ్ళందరికీ కబురు పంపాడు. దానికి ఒక ఫోటో కూడా జత చేశాడు. అందులో వెంకటేశం మబ్బును చూసి నవ్వుతున్నాడు.

ఇంతమందిలో ఎవరైనా ఒక్కరు రామేశ్వరమ్మకు ఫోను చేసి ఉంటే కథ అక్కడితో ఆగిపోయేది. కాని అందరూ మర్యాదస్తులు. ఈ టైములో ఆమెను కదిలించి ఏడిపించడం ఎందుకని ఊరుకున్నారు. ఊళ్ళో ఉన్న ముసలి తల్లిదండ్రులకు చెబితే పరేషాన్ అవుతారని పట్నం పిల్లలూ ఊరుకున్నారు. ఎవరి మనసూ నొప్పించకూడదని అందరూ అంత జాగ్రత్తపడటం వల్ల, నిజం ఎవరికీ తెలియకుండానే తెల్లవారింది.

తెల్లవారకముందే వెంకటేశం చేనుకు పోయి మోటరు వేశాడు. నీళ్ళు మడిలోకి మళ్ళాక, మేడమ్ వచ్చేదాకా టైముంది కదా అని కాలువ అవతలి దిన్నె వైపు చూశాడు. దిన్నె ఉత్తగా, ఎర్రగా, మంచులో తడిసి ఉంది. ఆయన కాలువ గట్టు మీద చెప్పులు విడిచి, జారకుండా తూము గోడ పట్టుకుని అవతలికి దాటాడు. దిన్నె మీద రాళ్ళేరి గదులు గీశాడు. ఇది ఆఫీసు, ఇది మీటింగు హాలు, ఇది రేషన్ దుకాణం. హాలు ఎంత పెద్దగా వస్తుందో చూద్దామని అందులో వెల్లకిలా పడుకున్నాడు. గాలి చల్లగా తగిలింది. లేని కిటికీలోంచి లేత ఎండ లోపలికి వచ్చింది. ఆయన లేని గోడ వైపు ఒత్తిగిలి నిద్రపోయాడు.

ఇంటి దగ్గర జరిగింది ఆయనకు తర్వాత తలా ఒక ముక్క చెప్పారు.

ముందుగా తిరుపతయ్య ఆటో వచ్చింది. తిరుపతయ్య భార్య దిగుతూనే "ఓ వదినా!" అని శోకం అందుకుంది. వాకిలి ఊడుస్తున్న రామేశ్వరమ్మ చేతిలోంచి చీపురు జారిపోయింది. వాళ్ళు అంతగా ఏడుస్తున్నారంటే అమ్మకు ఏదో అయిందనుకుంది. "అయ్యో అమ్మా, నన్నిడిసి పోతివా!" అని ఆమె కూడా వాకిట్లోనే కూలబడింది. ఆమె ఏడుపు చూసి తిరుపతయ్యకు మిగిలి ఉన్న ఆ కొంచెం ఆశా పోయింది.

ఇంతలో రెండో ఆటోలోంచి సావిత్రమ్మ దిగింది. రామేశ్వరమ్మ ఏడుపు ఆపి కళ్ళు తుడుచుకుని చూసింది.

"అమ్మా! నువ్వున్నవా?"

"నేనుండి ఏం ఫాయిదా బిడ్డా! ఉండెటోడు పాయె" అని సావిత్రమ్మ కూతురి మెడ పట్టుకుంది.

ఉండవలసినవాడు ఎవరో రామేశ్వరమ్మకు అర్థమైంది. చీకట్లో చేనుకు పోయిన మనిషి ఇంకా రాలేదు. ఇంతమందికి తెలిసిందంటే అబద్ధం ఎలా అవుతుంది? మోటరు దగ్గర కరెంటో, గట్టు మీద పామో! ఆమె ఈసారి ఏడ్చిన ఏడుపుకు ఊరంతా పరుగెత్తుకొచ్చింది. నలుగురు మగవాళ్ళు చేనుకు పరుగెత్తారు. మోటరు నడుస్తోంది, మనిషి లేడు. కాలువ గట్టు మీద చెప్పులున్నాయి. ఇద్దరు కాలువ వెంట వెతుకుతూ పోయారు, మిగిలిన ఇద్దరూ చెప్పులు తీసుకుని తిరిగొచ్చారు. వాటిని అరుగు మీద తువ్వాల పరిచి పెట్టారు. అప్పటికి హైదరాబాదు నుంచి రెండు వ్యాన్లు దిగాయి.

వీణ వచ్చేసరికి పల్లె నిండా జనం. అరుగు మీది చెప్పులు చూసి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "నిన్ననే నాతో మాట్లాడిండు" అంది. తిరిగి పోదామని లేచింది కూడా. ప్రేమ్ కుమార్ ఆపాడు.

"రాసుకోండ్రి మేడమ్. మా కాక దీనికోసమే తిరిగిండు. మేం మల్ల దొరకం. పోయినసారి మా ఇండ్లకు తాళాలు జూసి ఇడిసిపెట్టిండ్రు."

"ఇల్లు, ఓటు ఇక్కడున్నోళ్ళను రాస్త. సుట్టాలను రాయరాదు" అని వీణ ఆఫీసు ఫోను తీసింది. ముందు వెంకటేశం ఇంటితోనే మొదలుపెట్టి, ఆయన పేరు దగ్గర వేలు కాసేపు ఆపి, నిట్టూర్చి, 'మృతి' అన్న చోట నొక్కింది.

వెంకటేశం లేచేసరికి ఎండెక్కింది. గాభరాగా కాలువ దాటి వచ్చి చూస్తే చెప్పులు లేవు. కుక్క ఎత్తుకుపోయిందనుకుని, పల్లేరు ముళ్ళు తప్పించుకుంటూ ఇంటిదారి పట్టాడు. వీధి మొదట్లో అడుగు పెట్టగానే ఆగిపోయాడు. వీధి నిండా మనుషులు! తాళాలు తీసిన తలుపులు, వాకిళ్ళలో మూటలు, చంకల్లో పిల్లలు. పొద్దున కన్న కలలోంచి ఇంకా బయటికి రాలేదేమో అనుకున్నాడు. పన్నెండు మందిని రమ్మంటే తిరుపతయ్య ఎంత పని చేశాడు! సంతోషంతో ఆయనకు కళ్ళు తడిశాయి. అందరి కళ్ళూ తడిగానే ఉండటంతో ఆయన్ను ఎవరూ పట్టించుకోలేదు. అందరూ ఇంటి గుమ్మం వైపే చూస్తున్నారు.

ఆయన వెనక వరసలో నిలబడ్డ ఒక ముసలాయన పక్కకు చేరాడు. తెలకపల్లి వైపు మనిషి, తిరుపతయ్య వియ్యంకుడి తరఫువాడు. వెంకటేశం ఆయన్ను ఎన్నడూ చూడలేదు.

"ఏందే పెద్దమనిషీ, ఏడుస్తుండ్రేంది?"

"నీకు తెల్వదా? వెంకటేశం పోయిండు."

"అయ్యో పాపం! ఏ వెంకటేశం?"

"గదే, కలల వెంకటేశమట. కాలువల వడ్డడు. నేను జూడలే గని, శానా మంచోడట."

వెంకటేశం నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే ముందు నుంచి ప్రేమ్ కుమార్ గొంతు వినిపించింది. "పట్నం పోయేనాడు మా కాక బస్సు దాంక వచ్చిండు. జేబుల పల్లికాయ వోసిండు. మల్లెప్పుడొస్తవ్ రా అనలే. మీ ఇంటి తాళానికి నూనె వెడ్త తియ్ అన్నడు." ఇంకెవరో అన్నారు: "మా తాళానికి గూడ పెట్టిండు. ఇయ్యాల ఒక్క తిప్పుకే వచ్చింది." ఎక్కడో ఒక ఆడమనిషి వెక్కింది.

వెంకటేశం తెరిచిన నోరు మూసుకున్నాడు. నేను బతికే ఉన్నానని చెబితే ఇంతమంది వెంటనే మూటలు సర్దుకుని వ్యాన్లెక్కి పోతారు. ఇంకాసేపు, ఆ ఒక్క మాట పూర్తయ్యేదాకా చచ్చిపోయి ఉంటే ఎవరికేం నష్టం? ఆయన పక్కవాడి భుజం మీద నుంచి తొంగి చూస్తూ, తన మంచితనాన్ని విని తానే తువ్వాలతో ముక్కు తుడుచుకున్నాడు. జములమ్మవ్వ ఏడ్చి ఏడ్చి తూలి, ఆయన భుజాన్నే ఆసరా పట్టుకుంది. ఆయన ఆమె వీపు నిమిరి, ఊకో అవ్వా అని గొణిగాడు.

వీణ ప్రేమ్ కుమార్ వివరాలు రాసుకుంటోంది.

"వయసు?"

"ముప్పయి రెండు మేడమ్."

"పెండ్లయిందా?"

"మాకెవలిస్తరు మేడమ్ పిల్లను!" అని ప్రేమ్ కుమార్ భోరుమన్నాడు. వెనకాల వరసగా నిలబడ్డ కుర్రాళ్ళందరికీ దుఃఖం రెట్టింపైంది.

ఆ గోలలో జనం కాస్త పక్కకు జరిగారు. వెంకటేశానికి అరుగు కనిపించింది. అరుగు మీద తువ్వాల, తువ్వాల మీద చెప్పులు. ఆయన ఉండబట్టలేక గట్టిగానే అనేశాడు.

"గివి నా చెప్పులు గద! ఎవలు తెచ్చిండ్రు?"

వీధంతా ఒక్కసారి వెనక్కి తిరిగింది. జములమ్మవ్వ తాను పట్టుకున్న భుజం వైపు, ఆ తర్వాత దాని పైనున్న ముఖం వైపు చూసింది. "ఓర్నీ! నీ భుజమే వట్టుకొని నీ కోసం ఏడిసిన గదరా!" అని వీపు మీద ఒక్కటి చరిచింది. రామేశ్వరమ్మ గుమ్మంలోంచి లేచి వచ్చింది. జుట్టు విడిపోయి, కళ్ళు వాచి ఉన్నాయి. దగ్గరికొచ్చి ఆయన చేతులు, మెడ, చెంపలు తడిమి చూసింది. తడి లేదు. కాలువ మట్టి లేదు.

"యాడికి వోయినవ్?"

"దిన్నె మీద... మీటింగు హాల్ల పండుకున్న."

ఆమె నవ్విందో ఏడ్చిందో ఎవరికీ తెలియలేదు. ఆ తర్వాత ఆమె తిట్టిన తిట్లు మాత్రం కాలువ దాకా వినిపించాయి.

అసలు సంగతి బయటపడ్డాక తిరుపతయ్య బావ ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. "జనాభాకు పిలిచినవా బావా! పోయినసారి బర్రె ఈనిందని పిలిచినవ్ గద, గట్లనన్న జెప్పరాదా!" అన్నాడు. హైదరాబాదు వాళ్ళకు కోపం వచ్చింది కాని, ఎవరి మీద చూపించాలో తెలియలేదు. చచ్చినవాడు బతికొచ్చినందుకు కోప్పడటం వాళ్ళలో ఎవరికీ అలవాటు లేదు. ఎవరో మేకను తెచ్చారు. సావిత్రమ్మ మసాలా నూరింది.

ఆ మాపటేళ వెంకటేశం తిన్నచోటు నుంచి లేచి వీధి చివరి దాకా నడిచాడు. ప్రతి ఇంట్లో దీపం ఉంది. ఒక ఇంట్లో నిజంగానే పొయ్యి వెలుగుతోంది. ఇంకో ఇంట్లోంచి ఎవరో ఎవరినో నిజంగానే బువ్వకు పిలుస్తున్నారు. పొగ, తాలింపు వాసన, పిల్లల కేకలు కలిసి వీధి మీద పలచటి తెరలా కదులుతున్నాయి. ఊహించుకోవడానికి ఆయనకు ఏమీ మిగల్లేదు. అది కొత్తగా ఉంది. మర్నాడు వ్యాన్లు కదిలేటప్పుడు, అలవాటు ప్రకారం అందరి జేబుల్లో పల్లికాయ పోశాడు. ముప్పయి రెండేళ్ళ ప్రేమ్ కుమార్ కూడా జేబు తెరిచి పట్టుకున్నాడు.

లెక్క తేలింది. పావురాలదిన్నె ఐదు వందలు దాటింది, తాళం తీసిన ఇళ్ళ పుణ్యాన బాగానే దాటింది. వెంకటేశం వీణను కలుసుకుని, కొంచెం మొహమాటంగా అడిగాడు.

"మేడమ్, నన్ను గూడ ఎక్కియ్యాలె గద? నేను బతికే ఉన్న."

"కనిపిస్తనే ఉన్నరన్నా. కాని పైకి పోయింది."

"ఎవలు?"

"లెక్క. మీరు పైకి పోయినట్టు పైకి పోయింది. ఇంక నా చేతుల లేదు. కొత్త పంచాయతీ వచ్చినంక సర్పంచ్ సంతకంతోటి బతికున్నట్టు సర్టిఫికెట్ తీస్కోండ్రి, దిద్దుత."

వెంకటేశం దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. పంచాయతీ వస్తే సర్పంచ్ ఎవరవుతారో ఆయనకు బాగా తెలుసు. తన సర్టిఫికెట్ మీద తానే సంతకం పెట్టుకుంటూ, కింద గీత గీస్తున్నట్టు చాలా సాయంత్రాలు కలగన్నాడు.

పంచాయతీ వచ్చింది. సర్పంచ్ పదవి ఆడవాళ్ళకు కేటాయించారు. అది కాకపోయినా లెక్కల్లో లేని మనిషికి పోటీ చేసే వీలు లేదన్నారు. కలల వెంకటేశం పేరు మీద వచ్చిన పంచాయతీ కాబట్టి ఆ పదవి ఆయన ఇంట్లోనే ఉండాలని ఊరంతా పట్టుబట్టి, రామేశ్వరమ్మను ఏకగ్రీవంగా ఎన్నుకున్నారు. మొదట ఆమె వద్దంది. పింఛన్లు ఊళ్ళోనే ఇప్పిస్తానని జములమ్మవ్వకు మాటిచ్చాక మాత్రం వెనక్కి తగ్గలేదు, ఇప్పించేదాకా అధికారులను నిద్రపోనివ్వలేదు. దిన్నె మీద భవనం లేచేదాకా వాళ్ళింటి ముందుగదే ఆఫీసైంది.

వెంకటేశం ఒకరోజు పొద్దున ఉతికిన పంచె కట్టుకుని, దరఖాస్తు రాయించుకుని, వంటింట్లోంచి ముందుగదిలోకి వచ్చి సర్పంచ్ ముందు నిలబడ్డాడు. రామేశ్వరమ్మ కాగితం తీసుకుని, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చివరి దాకా చదివింది.

"బతికున్నవని ఇద్దరు సాక్షులు గావాలె."

"నువ్వు జూస్తున్నవ్ గద!"

"ఇంటోళ్ళ సాక్ష్యం చెల్లదు" అంది సర్పంచ్.